ఊరి చరిత్రలో కూలీల పేర్లు

స్విట్జర్లాండ్ అనగానే మనకు సినిమా పాటలే గుర్తొస్తాయి. పచ్చిక, మంచుకొండ, మెడలో గంట కట్టిన ఆవులు. పోయొచ్చినవాళ్లూ ఆ ఫొటోలే చూపిస్తారు. ఆ కొండల్లో డ్యాములు, సొరంగాలు కట్టినవాళ్లు చాలావరకు మనలాగే పొట్ట చేతపట్టుకుని వచ్చిన పరదేశీలని మాత్రం ఎవరూ చెప్పరు.

ఇటలీ సరిహద్దుకు దగ్గర్లో, వాలే రాష్ట్రంలో, సాస్ అల్మగెల్ అనే చిన్న ఊరుంది. ఎండకు నల్లబడ్డ చెక్క ఇళ్లు, రాతి పలకల కప్పులు, ఎలుకలు ఎక్కకుండా రాతి బిళ్లల మీద నిలబెట్టిన ధాన్యపు కొట్లు. ఊరి పైనుంచి మోంటే మోరో కనుమ దాటితే ఇటలీ. టూరిస్టులకు చూపించే వారసత్వం ఇదే. దీని వెనుక ఒక భయం కూడా ఉంది. పైనున్న అల్లాలిన్ హిమానీనదం లోయకు అడ్డంగా దిగి నీళ్లను ఆపేసేది, ఆ చెరువు తెగితే కింద ఊళ్లు మునిగేవి. 1633లో, 1680లో అలా వచ్చిన వరదలను ఆ లోయ ఇంకా మర్చిపోలేదు.

సరిగ్గా అక్కడే 1960లో మాట్‌మార్క్ డ్యామ్ పని మొదలైంది. 120 మీటర్ల ఎత్తు మట్టికట్ట. పనికి ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చారు, స్పెయిన్ నుంచి కొందరు, స్విస్ కూలీలూ ఉన్నారు. ఆ రోజుల్లో బయటి కూలీలకు అక్కడ సీజన్ పర్మిట్ ఉండేది. ఏడాదికి 9 నెలలు పని, తర్వాత దేశం వదిలిపోవాలి, పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోకూడదు. ఆ పద్ధతి 2002లో గానీ పోలేదు. వింటుంటే ఎక్కడో చూసినట్టే ఉంది కదూ!

కూలీల క్యాంపు ఎక్కడ వేశారు? హిమానీనదం కొసకు నేరుగా కింద. బ్యారక్‌లు, క్యాంటీను, వర్క్‌షాపు అన్నీ అక్కడే. 1965 ఆగస్టు 30న సాయంత్రం 5 దాటాక పైనుంచి దాదాపు 20 లక్షల ఘనపు మీటర్ల మంచు విరిగి ఆ క్యాంపు మీద పడింది. 88 మంది చనిపోయారు. వారిలో 56 మంది ఇటలీవాళ్లు, 23 మంది స్విస్‌వాళ్లు. ఇటలీలోని ఒక్క బెల్లూనో ప్రాంతం నుంచే 17 మంది. శవాలన్నీ బయటికి తీయడానికి నెలలు పట్టింది.

కేసు నడిచింది. 17 మంది మీద అభియోగం మోపారు. 1972లో అందరూ నిర్దోషులన్నారు. అప్పీలుకు పోయిన కుటుంబాలు ఓడిపోయాయి, పైగా కోర్టు ఖర్చుల్లో సగం వాళ్లే కట్టాలని తీర్పొచ్చింది. మనిషినీ పోగొట్టుకుని, బిల్లూ కట్టడం! ఇటలీ అంతా మండిపడింది.

డ్యామ్ పూర్తయింది, కరెంటు వస్తోంది. జలాశయం చుట్టూ జనం నడకకు వస్తారు. పక్కనే చనిపోయినవాళ్ల స్మారకం ఉంది. ఏళ్లు గడిచినా బంధువులు వస్తూనే ఉన్నారు, వలస చరిత్రకారుడు తోనీ రిచ్చార్డీ లాంటివాళ్లు పాత కాగితాలు తవ్వి రాశారు. అందుకే ఇవాళ సాస్ అల్మగెల్ చరిత్ర చెప్పాలంటే చెక్క ఇళ్లతో ఆగడం కుదరదు.

మరి మన ఊళ్ల సంగతి? బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని చెప్పుకునే కరీంనగర్ పల్లెల్లో, కువైట్ పోయినవాళ్లుండే కడప, కోనసీమ ఊళ్లలో ఊరి చరిత్ర అంటే గుడి, గడీ, పెద్దమనుషుల పేర్లు. ఆ గుడికి చందా పంపినవాడి పేరు బండ మీద చెక్కుతారు సరే, పనిలో పోయి పెట్టెలో తిరిగొచ్చినవాడి పేరు ఎక్కడా ఉండదు. దానికి సర్కారు జీవో రావాలని కూర్చుంటే అయ్యే పని కాదు. సెలవుకు పోయినప్పుడు మనమే ఒక నోటుబుక్కు మొదలుపెట్టొచ్చు. పేరు, పోయిన ఏడు, ఏ దేశం, ఏం పని, ఎలా పోయాడు, నష్టపరిహారం అందిందా లేదా. క్యాంపు ఎక్కడ వేశారన్నది కూడా రాయాలి.