కరెంటు కంపెనీ మార్చుకునే వీలు: అబ్బాసియాలో లేనిది, ఊళ్ళో రావచ్చునంటున్నది

శుక్రవారం సెలవు రోజున లండన్‌లోనో, డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న చుట్టాలకి ఫోన్ చేస్తే మాటల మధ్యలో ఒక సంగతి దొర్లుతుంటుంది. "కరెంటు కంపెనీ మార్చేశాం, ఇంటర్నెట్‌లో పది నిమిషాల పని, ఏడాదికి ఇంత మిగిలింది" అని వాళ్ళంటారు. వింటున్న మన అబ్బాసియా వాళ్ళకి ఆశ్చర్యం వేస్తుంది. కరెంటు కంపెనీని సెల్‌ఫోన్ కంపెనీని మార్చినట్టు మార్చడమేమిటి? అలాంటి వీలు మనకెందుకు లేదు? ఉంటే మనకి లాభమా, నష్టమా? మన ఊళ్ళలో కూడా ఇలాంటి పద్ధతి రావచ్చునన్న చర్చ నడుస్తోంది కాబట్టి ఈ ప్రశ్నలని కొంచెం నిదానంగా చూడడం మంచిది.

కువైట్‌లో ఎందుకు లేదు?

జవాబు చాలా చిన్నది. కువైట్‌లో ఇంటికి కరెంటు, నీళ్ళు అమ్మేది ఒక్కరే: విద్యుత్, జల మంత్రిత్వ శాఖ. 2016లో ఉత్తర జోర్‌లో ప్రైవేటు భాగస్వామ్యంతో ఒక పెద్ద విద్యుత్ కేంద్రం మొదలైంది. అయితే అందులో తయారైన కరెంటుని కొనేది మంత్రిత్వ శాఖే, మనకి అమ్మేదీ మంత్రిత్వ శాఖే. అంటే తయారీలో ప్రైవేటు ఉంది గానీ అమ్మకంలో పోటీ లేదు.

పోటీ లేకపోవడానికి కారణం ధరలోనే ఉంది. కువైటీల సొంత ఇళ్ళకి యూనిట్ 2 ఫిల్స్. ఈ ధర 1966 నుంచీ మారలేదు. 2016లో చేసిన 20వ నంబరు చట్టం ప్రకారం, మన వాళ్ళు అద్దెకుండే ఫ్లాట్ల భవనాలకి 2017 నుంచి యూనిట్ 5 ఫిల్స్ అయింది. మన రూపాయల్లో చూస్తే రూపాయిన్నర చుట్టూనే. తయారీ ఖర్చు దీనికి ఎన్నో రెట్లు. ఆ తేడాని ప్రభుత్వం చమురు డబ్బుతో పూడుస్తోంది. ఇంత తక్కువకి ఇచ్చే అంగడి పక్కన మరొకరు వచ్చి కొట్టు పెట్టగలరా? పెట్టలేరు. కాబట్టి మార్చుకునే హక్కు లేదని బాధపడే ముందు, ఆ హక్కు ఉన్న లండన్‌లో యూనిట్ ధర పాతిక పెన్నీల చుట్టూ ఉందని గుర్తు పెట్టుకోవాలి. అది అబ్బాసియా ఫ్లాటు ధరకి దాదాపు 20 రెట్లు. దూరపు కొండలు నునుపు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అయితే చౌక కరెంటుకీ ఒక ఖరీదుంది. ఇక్కడ వేసవి వాడకంలో సింహభాగం ఏసీలదే. 2024 వేసవిలో గరిష్ఠ వాడకం 17 వేల మెగావాట్లు దాటింది. ఆ జూన్‌లో కువైట్ ప్రభుత్వం, కొన్ని ప్రాంతాల్లో వంతుల వారీగా, రోజుకి రెండు గంటల దాకా కరెంటు ఆపవలసి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో, ఇంకా ఎండలు ముదరకముందే, మళ్ళీ కోతలు వచ్చాయి. గల్ఫ్ దేశాలని కలిపే విద్యుత్ లైన్ల మీదుగా పొరుగు దేశాల నుంచి కరెంటు కొనడం కూడా మొదలైంది. చమురు మీద తేలుతున్న దేశంలో కరెంటు కోత అంటే పదేళ్ళ కిందట ఎవరూ నమ్మేవారు కాదు. ధర చాలా తక్కువైతే వాడకానికి కళ్ళెం ఉండదు. కళ్ళెం లేని వాడకానికి ఎన్ని కేంద్రాలు కట్టినా చాలదు. ఈ లెక్క మన ఊళ్ళకీ వర్తిస్తుంది.

అసలు ప్రశ్న: మీటరు ఎవరి పేరున?

అబ్బాసియాలో మనవాళ్ళకి కంపెనీ ఏదన్నది సమస్య కాదు. మీటరు ఎవరి పేరున ఉంది, బాకీ ఎవరిది అన్నదే సమస్య. చాలా ఫ్లాట్లలో అద్దెలోనే కరెంటు, నీళ్ళు కలిసి ఉంటాయి. కొన్ని భవనాల్లో విడిగా కట్టాలి. ఒకరి పేరున ఫ్లాటు తీసుకుని, గదులు చేసి, నలుగురైదుగురికి ఇచ్చుకోవడం కూడా ఇక్కడ మామూలే. గదిలో ఉండేవాడు నెలనెలా డబ్బు ఇస్తాడు. ఆ డబ్బు మంత్రిత్వ శాఖ దాకా చేరిందో లేదో అతనికి తెలియదు.

2023 సెప్టెంబరు 1 నుంచి ఈ విషయం మరింత ముఖ్యమైంది. దేశం వదిలి వెళ్ళే విదేశీయులు తమ పేరు మీద ఉన్న కరెంటు, నీటి బాకీలు కట్టిన తర్వాతే వెళ్ళాలన్న నిబంధన ఆ రోజు అమల్లోకి వచ్చింది. అంతకుముందు నెలలోనే ట్రాఫిక్ జరిమానాలకి ఇదే నియమం పెట్టారు. ఇంట్లో ఎవరికో బాగాలేదని రాత్రికి రాత్రి కడపకో, రాజోలుకో బయలుదేరినవాడు, ఎప్పుడో ఖాళీ చేసిన ఫ్లాటు తాలూకు బాకీ కోసం విమానాశ్రయంలో ఆగిపోతే ఎంత నరకమో చెప్పనక్కరలేదు. సాహెల్ యాప్‌లోనూ, మంత్రిత్వ శాఖ సొంత వెబ్‌సైటులోనూ బాకీ చూసుకుని కట్టే వీలుంది. టికెట్ కొన్న రోజే ఒకసారి చూసుకోవడం తెలివైన పని.

రెండో సంగతి ఇంకా గంభీరమైనది. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులుండే భవనంలో మంటలు లేచి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు తేల్చారు. కార్డుబోర్డు గోడలతో గదులు చేసి, ఒకే సాకెట్ నుంచి నాలుగు వైర్లు లాగి, అందరూ ఒకేసారి ఏసీలు, వంట హీటర్లు వేసే భవనాలు మన అబ్బాసియాలో లేవని ఎవరూ చెప్పలేరు. యూనిట్‌కి 5 ఫిల్స్ కాబట్టి బిల్లు భయం లేదు. బిల్లు భయం లేనిచోట వైరు మీద ఎంత బరువు పడుతోందో ఎవరూ చూడరు. కంపెనీ మార్చుకునే హక్కు లేకపోయినా, వైరింగ్ బాగుచేయమని హారిస్‌ని, ఇంటి యజమానిని అడిగే నోరు మాత్రం మనకుంది.

మార్చుకునే వీలున్న చోట ఏమవుతోంది?

బ్రిటన్‌లో 1999 నుంచి ప్రతి ఇంటివారికీ కంపెనీ మార్చుకునే హక్కుంది. ధరలు పోల్చే వెబ్‌సైట్లు పదుల కొద్దీ వచ్చాయి. పిన్‌కోడ్ లాంటి పోస్ట్‌కోడ్, ఏడాది వాడకం చెబితే ఏ కంపెనీ చౌకో వరుసగా చూపిస్తాయి. మారితే వైర్లు మారవు, మీటరు మారదు, ఒక్క నిమిషం కూడా కరెంటు పోదు. బిల్లు పంపే పేరు మాత్రమే మారుతుంది. మారిన రోజు మీటరు రీడింగు ఫొటో తీసి పెట్టుకోవడం, పాత ఒప్పందం మధ్యలో వదిలితే జరిమానా ఉందేమో చూసుకోవడం, యూనిట్ ధరతో పాటు రోజువారీ స్థిర చార్జీ కూడా కూడి చూడడం అక్కడ అలవాటైన జాగ్రత్తలు.

అయితే 2021లో అంతర్జాతీయంగా గ్యాసు ధర ఎగబాకేసరికి, చౌక ధర చెప్పి ఖాతాదారులని పోగుచేసుకున్న సుమారు 30 కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. నియంత్రణ సంస్థ ఆ ఇళ్ళని వేరే కంపెనీలకి అప్పగించింది, దీపం ఆరలేదు. కానీ ఆ సర్దుబాటు ఖర్చు చివరికి అందరి బిల్లుల్లోకీ వచ్చి కూర్చుంది, ఎప్పుడూ కంపెనీ మార్చని ముసలమ్మ బిల్లుతో సహా.

టెక్సాస్‌లో 2002 జనవరి 1 నుంచి ఇదే పద్ధతి. డల్లాస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళలో చాలామంది ప్రభుత్వం నడిపే 'పవర్ టు చూజ్' సైటులో కంపెనీ ఎంచుకుంటారు. అదే రాష్ట్రంలోని ఆస్టిన్, శాన్ ఆంటోనియోలలో నగరపాలక సంస్థల కరెంటే కాబట్టి ఆ ఎంపిక లేదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టోకు ధర యూనిట్‌కి 9 డాలర్లకి చేరింది. గ్రిడ్డీ అనే కంపెనీ టోకు ధరనే నేరుగా ఇళ్ళకి వేసే పద్ధతి పెట్టుకోవడంతో, కొన్ని రోజుల వాడకానికే కొందరికి వేల డాలర్ల బిల్లులు పడ్డాయి. ఆ కంపెనీ దివాలా తీసింది. ఇళ్ళకి అలాంటి పథకాలు అమ్మడాన్ని ఆ ఏడాదే నిషేధించారు.

ఈ రెండు కథలలోనూ నీతి ఒకటే. ఎంపిక మంచిదే, కానీ ఎంపిక చేసుకునేవాడికి చదివే తీరిక, లెక్క వేసే ఓపిక ఉండాలి. వెనకాల గట్టి నియంత్రణ సంస్థ కూడా ఉండాలి. ఇందులో ఏది లేకపోయినా తెలివైనవాడికి మిగిలేది అమాయకుడు కడతాడు.

మన రాష్ట్రాల సంగతి

మనలో చాలామందికి రెండు ఇళ్ళు. ఒకటి అబ్బాసియాలో అద్దె గది. రెండోది ఊళ్ళో కట్టిన ఇల్లు. ఆ ఇంటి బిల్లు కూడా ఇక్కడి నుంచే ఫోనులో కడుతున్నాం. కడప, చిత్తూరు వైపు వాళ్ళకి దక్షిణ ప్రాంత డిస్కమ్, గోదావరి జిల్లాల వాళ్ళకి తూర్పు ప్రాంత డిస్కమ్. ఎంచుకునేది ఏమీ లేదు.

కరెంటు సంస్కరణలు తెలుగువాళ్ళకి కొత్త కాదు. 1998లో చట్టం చేసి, 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డుని విడగొట్టి, ఆ తర్వాత నాలుగు పంపిణీ సంస్థలు చేశారు. 2000 ఆగస్టు 28న చార్జీల పెంపుకి వ్యతిరేకంగా హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జరిగిన ప్రదర్శన మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అప్పట్లో చెప్పిన సంస్కరణలు ఇంటివాడికి ఎంపిక ఇవ్వలేదు, కొత్త కొత్త పేర్లతో చార్జీలు మాత్రం ఇచ్చాయి. ఈనాటి 'సర్దుబాటు చార్జీ' అన్నది ఎప్పుడో వాడిన కరెంటుకి ఇప్పుడు వసూలు చేసే డబ్బే కదా.

ఒకే ప్రాంతంలో ఒకే లైన్ల మీద ఇద్దరు ముగ్గురు పంపిణీదారులు పోటీ పడవచ్చుననే బిల్లుని కేంద్రం 2022 ఆగస్టులో లోక్‌సభలో పెట్టింది. అది స్థాయీ సంఘానికి వెళ్ళి, సభ రద్దుతో మురిగిపోయింది. 2025 అక్టోబరులో మళ్ళీ ఒక ముసాయిదా బయటికి వచ్చింది. దేశంలో దీనికి ఒక నమూనా ఉంది. ముంబయిలో 2009 నుంచి కొన్ని ప్రాంతాల ఇళ్ళవారు రిలయన్స్ నుంచి (2018 తర్వాత అదే అదానీ) టాటాకి మారే వీలు వచ్చింది. టాటా ధర తక్కువని లక్షల మంది మారారు. తర్వాత మారినవాళ్ళ మీద పాత కంపెనీ నష్టం పూడ్చేందుకు సర్‌చార్జీ పడింది. మిగిలిందనుకున్నదానిలో కొంత అలా పోయింది.

మన దగ్గర ఇదే జరిగితే ఎవరికి దెబ్బ? పట్నంలో ఎక్కువ బిల్లు కట్టే ఇళ్ళనీ, కొట్లనీ కొత్త కంపెనీలు ఎగరేసుకుపోతే, పల్లెటూళ్ళూ, వ్యవసాయ మోటార్లూ పాత డిస్కమ్‌కి మిగులుతాయి. కువైట్ డబ్బుతో ఊళ్ళో ఇల్లు కట్టుకున్నవాడు ఆ పాత డిస్కమ్ ఖాతాదారే. పోటీ వద్దని అనడం లేదు. తక్కువ వాడేవాడి రాయితీ ఎవరు భరిస్తారో చట్టంలో రాసి చూపించమని అడగాలి.

గ్యాసు బండ: ఉన్న హక్కునే వాడుకుంటున్నామా?

ఇంటి ఇంధనంలో మన వాళ్ళకి మార్చుకునే హక్కు ఒకటి ఇప్పటికే ఉంది. 2013 అక్టోబరులో 24 చోట్ల ప్రయోగాత్మకంగా మొదలై, 2014 జనవరిలో 480 జిల్లాలకి విస్తరించిన గ్యాస్ కనెక్షన్ పోర్టబిలిటీ అది. బండ ఆలస్యంగా తెస్తున్నాడనో, ఎక్కువ డబ్బు అడుగుతున్నాడనో అనిపిస్తే అదే కంపెనీకి చెందిన వేరే డీలరుకి ఆన్‌లైన్‌లో మారవచ్చు. కంపెనీనే మార్చడం ఆచరణలో సాగలేదు, ఎందుకంటే ఏ కంపెనీ బండ ఆ కంపెనీకే తిరిగి ఇవ్వాలి. ఈ చిక్కు తీర్చేందుకు 2025 సెప్టెంబరులో పెట్రోలియం నియంత్రణ మండలి అభిప్రాయాలు కోరింది. మూడు కంపెనీలదీ బండ ధర ఒక్కటే కాబట్టి ఇక్కడ మిగిలేది డబ్బు కాదు, సేవ. ఊళ్ళో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకి సేవే ముఖ్యం.

కానీ ఇక్కడా పేరు సమస్యే. కనెక్షన్ కువైట్‌లో ఉన్న కొడుకు పేరున ఉంటుంది, వాడేది ఊళ్ళో ఉన్న అత్తాకోడళ్ళు. ఈకేవైసీకి వేలిముద్రో, ముఖమో కావాలి. 2024లో ఆంధ్రలో మొదలైన మూడు ఉచిత బండల దీపం-2 కైనా, తెలంగాణలో 500 రూపాయల బండకైనా పేరు, ఆధార్, రేషన్ కార్డు కలవాలి. ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే 78,000 రూపాయల దాకా కేంద్రం రాయితీ ఇచ్చే పథకానికీ కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందన్నదే మొదటి ప్రశ్న. తాతగారి పేరుతో సాగుతున్న సర్వీసులు మన ఊళ్ళలో ఎన్ని లేవు!

మన పాఠకులు చేయదగినవి

అద్దె ఒప్పందంలో కరెంటు, నీళ్ళు కలిసి ఉన్నాయో లేదో రాతలో ఉండేలా చూసుకోండి. మీటరు ఖాతా నంబరు అడిగి దగ్గర పెట్టుకోండి. ఇల్లు మారిన రోజు రీడింగు ఫొటో తీసి, బాకీ లేదని చూసుకుని తాళం ఇవ్వండి. కరెంటు బాకీ అంటూ ఫోనుకి వచ్చే లింకులు నొక్కవద్దు, మంత్రిత్వ శాఖ పేరుతో దొంగ మెసేజీలు తిరుగుతుంటాయి. ఈసారి సెలవుకి ఊరు వెళ్ళినప్పుడు గ్యాసు కనెక్షన్, కరెంటు సర్వీసు రెండూ ఇంట్లో ఉండేవాళ్ళ పేరుకి మార్పించండి.

కంపెనీ మార్చుకునే హక్కు రేపు మన ఊళ్ళకి వచ్చినా, అది దక్కేది బిల్లు మీద తన పేరున్నవాడికే. అబ్బాసియాలో ఆ పేరు ఇంటి యజమానిది. ఊళ్ళోనైనా అది మనదిగా, మన ఇంట్లో ఉండేవాళ్ళదిగా చేసుకోవడం మన చేతుల్లోనే ఉంది.