బలిపీఠానికి వీపు తిప్పి

మా అబ్బాయి పారిస్‌లో చదువుతున్న రోజుల్లో మేము దంపతులం పది రోజులు వాడి దగ్గర ఉండి వచ్చాం. ఒక ఉదయం లోకల్ రైలెక్కి వెర్సాయ్ రాజభవనం చూడబోయాం. టికెట్లు ముందే కొన్నా గంటకు పైగా క్యూలో నిలబడక తప్పలేదు.

పదమూడవ లూయీ వేటకు వచ్చినప్పుడు బస చేయడానికి 1623లో కట్టుకున్న చిన్న ఇల్లు అది. ఆయన కుమారుడు పద్నాలుగవ లూయీ దాన్ని పెంచుకుంటూ పోయి, 1682లో దర్బారునంతటినీ అక్కడికి తరలించాడు. నేడు అందులో 2,300 గదులున్నాయి. అద్దం అపురూపమైన ఆ కాలంలో, 73 మీటర్ల పొడవైన ఒక్క మందిరంలోనే 357 అద్దాలు బిగించారు. తోటలోని ఫౌంటెన్లకు నీరు చాలక, సెయిన్ నది నీటిని ఎత్తిపోయడానికి 14 చక్రాల మహా యంత్రాన్ని నిర్మించారు. అదీ చాలలేదు. అందుకని రాజుగారు తోటలో నడుస్తుంటే పనివాళ్లు ఈల వేసి ఒకరికొకరు చెప్పుకునేవారట. ఆయన రాబోయే ఫౌంటెన్ తిప్పడం, దాటిపోయిన దాన్ని కట్టేయడం! ఇది విని మా శ్రీమతి, “మంత్రిగారు వస్తున్నారంటే మన వీధిలైట్లు వెలిగినట్టేనండీ” అన్నది.

మేము ఎక్కువసేపు నిలబడిపోయింది 1710లో పూర్తయిన చాపెల్ దగ్గర. రాజు స్థానం కింద ప్రజల మధ్య కాదు, బలిపీఠానికి ఎదురుగా పై అంతస్తులో. దీనికి ముందున్న చాపెల్ కాలంలోనే లా బ్రుయేర్ అనే రచయిత 1688లో అచ్చయిన తన గ్రంథంలో ఒక దృశ్యాన్ని వర్ణించాడు: ఆరాధనకు వచ్చిన ప్రముఖులు బలిపీఠానికి వీపు తిప్పి, ముఖాలు రాజు వైపు ఎత్తి నిలబడేవారు. రాజు దేవుణ్ణి చూసేవాడు, వాళ్లు రాజును చూసేవారు.

ఈ రాజు భక్తిహీనుడనుకోకండి. దినదినం ఆరాధనకు హాజరైనవాడే! అయితే తన తాత నాల్గవ హెన్రీ 1598లో ప్రొటెస్టెంటులకు రక్షణగా ఇచ్చిన నాంటు శాసనాన్ని 1685లో రద్దు చేసింది కూడా ఆయనే. ప్రొటెస్టెంటు ఆలయాలు కూల్చివేశారు. పాస్టర్లకు దేశం వదలడానికి 15 దినాల గడువిచ్చారు. విశ్వాసులకు వెళ్లే అనుమతి కూడా లేదు. పారిపోతూ పట్టుబడిన పురుషులను ఓడల్లో తెడ్లు వేసే ఖైదీలను చేశారు. అయినా సుమారు రెండు లక్షలమంది వెళ్లిపోయారు. ఆ హింస రాజుతో పోలేదు. తరువాతి రాజు కాలంలో, 1730లో, మరీ ద్యురాఁ అనే యువతిని దక్షిణ ఫ్రాన్సులో ఒక బురుజులో బంధించారు. ఆమె అన్న పాస్టరు. విశ్వాసం విడిచిపెడతానంటే చాలు, తలుపు తెరుచుకునేది. ఆమె అనలేదు. 1768 వరకు, 38 ఏళ్లు, అక్కడే ఉంది. ఆ బురుజు రాతిపై ‘ఎదిరించి నిలువుము’ అనే అర్థమిచ్చే ఒకే ఒక మాట చెక్కి ఉంది. అది ఆమె చెక్కిందేనని చెబుతారు.

యిర్మీయా 22వ అధ్యాయంలో యెహోయాకీము కూడా ఇలాగే విశాలమైన మేడ కట్టాడు, దేవదారు పలకలు అమర్చి ఎర్రరంగు పూయించాడు. కూలివారికి మాత్రం కూలి ఇవ్వలేదు. ప్రవక్త అతణ్ణి అడిగిందేమిటి? దేవదారుతో పోటీపడినంత మాత్రాన రాజువవుతావా అని. అతని తండ్రి యోషీయా కూడా అన్నపానాలు పుచ్చుకున్నవాడే, కానీ దీనులకు న్యాయం తీర్చాడు. దేవుణ్ణి ఎరగడమంటే అదేనని ప్రవక్త తేల్చి చెప్పాడు.

తిరుగు రైల్లో మా శ్రీమతి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “మన చర్చి వేదిక మీద కుర్చీ గుర్తొచ్చిందండీ” అన్నది. సంఘం ప్రేమతో చేయించిన కుర్చీ అది. ఎర్ర ముఖమల్, బంగారు రంగు చేతులు, మనిషెత్తు వీపు. మేము అందులో కూర్చుంటే వెనక గోడ మీది సిలువ ముందు వరుసలవారికి సగమే కనబడుతుంది. ఇన్నేళ్లుగా ఆ సంగతి మాకు తట్టలేదు. తట్టలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఆ కుర్చీ మాకు నచ్చింది.

ఇంటికొచ్చాక తీసేయమని సంఘపెద్దలతో చెప్పాం. “గౌరవం కోసం కదా అయ్యగారూ” అన్నారు. మూడు కమిటీలు జరిగాయి. చివరకు దాన్ని వెనక గదిలోకి మార్చారు. అయితే మొన్న బయటి ఊరి ప్రసంగీకుడు వస్తున్నాడని తెలిసి, శనివారం రాత్రే ఎవరో దాన్ని తుడిచి మళ్లీ వేదిక మీద వేశారు.