పెద్దపేగుకూ ఒక ముద్ద

పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు పోవడం చిత్తూరు వాళ్లకు తాతల నాటి అలవాటు. 1993లో తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి వచ్చాక కూడా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ఆ రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రిలో డాక్టర్ బి.ఎస్. రామకృష్ణ బృందం కలరా రోగుల మీద చేసిన పరిశోధన ఒకటి 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. చిన్నపేగులో అరగని ఒక రకం మొక్కజొన్న పిండిని ఓఆర్ఎస్ నీళ్లలో కలిపి తాగిస్తే విరేచనాలు తొందరగా కట్టాయి. అరగని పిండి పెద్దపేగుకు చేరింది. అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి చిన్న చిన్న కొవ్వు ఆమ్లాలుగా మార్చింది. వాటి బలంతో పేగు గోడ ఉప్పునూ నీళ్లనూ మళ్లీ ఒంట్లోకి తీసుకుంది.

కలరా భయం చాలావరకు పోయింది. ఇప్పుడు ఇంటింటా షుగరు, బీపీ, గుండెజబ్బు. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ సర్వే తేల్చింది. ఈ జబ్బుల కథలోనూ ఆ కొవ్వు ఆమ్లాలదే ముఖ్యపాత్ర. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్దపేగు లోపలి పొరకు ఆహారం. అది చాలకపోతే పొర బలహీనపడి, బ్యాక్టీరియా తునకలు రక్తంలోకి జారి, పైకి కనిపించని వాపు మొదలై, ఇన్సులిన్ మాట ఒళ్లు వినడం మానేస్తుందని పరిశోధకులు చెబుతున్నారు. ఈ ఆమ్లాలే పేగులో జీఎల్‌పీ-1 అనే హార్మోను కూడా ఊరేలా చేస్తాయి. బరువు తగ్గడానికి, షుగరు అదుపుకు నేడు వేలు పోసి వేయించుకుంటున్న ఇంజెక్షన్లు ఆ హార్మోనుకు నకళ్లే. పీచు ఎక్కువగా ఉన్న తిండి పెట్టినప్పుడు షుగరు రోగుల పేగుల్లో మేలుచేసే బ్యాక్టీరియా పెరిగి, రక్తంలో చక్కెర మరింత అదుపులోకి వచ్చిందని 2018లో షాంఘై శాస్త్రవేత్తలు చూపించారు.

గుండె సంగతికి వస్తే, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో స్టాన్లీ హేజెన్ బృందం 2011 నుంచి ఒక దారి పట్టుకుని పోతోంది. వేటమాంసంలో, గుడ్డుసొనలో ఉండే కొన్ని పదార్థాలను పేగు బ్యాక్టీరియా ఒక వాయువుగా మారుస్తుంది, కాలేయం దాన్ని టీఎంఏఓగా మారుస్తుంది. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా వచ్చాయి. అదే అసలు కారణమని ఇంకా రుజువు కాలేదు. చేపల్లో టీఎంఏఓ సహజంగానే ఉంటుంది, అయినా చేపలు గుండెకు చెడ్డవని ఎవరూ అనడం లేదు. కాబట్టి ఎవరూ బెంబేలు పడనక్కరలేదు. పండగకో జాతరకో తినే చియ్యల కూర వేరు, రోజూ తినడం వేరు.

ఇక ఆ పీచు కోసం మన కంచం వైపు చూద్దాం. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండిని కుప్పగా పోసి, మూతపెట్టి, సన్నసెగ మీద మగ్గనిచ్చి, దించి కాళ్ల మధ్య కుండ పట్టుకుని కట్టెతో ఉండ కట్టకుండా గెలికితే సంగటి. రాత్రి మిగిలితే పొద్దున మజ్జిగ పోసుకుని సద్ది. పక్కన ఉలవచారో, పుల్లగూరో, అలసందల కూరో. వంద గ్రాముల రాగుల్లో పీచు 11 గ్రాములుంటే, పాలిష్ బియ్యంలో 3 గ్రాములకు లోపే. వండి చల్లారిన పిండిలో కొంత భాగం అరగని పిండిగా మారుతుంది కూడా. రాయవేలూరు డాక్టర్లు ఓఆర్ఎస్‌లో కలిపిన పిండికి సద్దిముద్ద దూరపు చుట్టమే.

ఆ సంగటి ఇప్పుడు తిరుపతి హోటళ్లలో నాటుకోడి పులుసు పక్కన ఆదివారపు విందుగా మిగిలింది. పల్లెల్లో కూడా మూడు పూటలా తెల్లన్నం వచ్చేసింది. కరువు సీమలో తెల్లన్నం తినడం గౌరవమనుకున్న తరానిది తప్పనను. ఆకలి తీరిన గుర్తది. కానీ రాగులతో పాటు ఉలవలు, అలసందలు, అనపగింజలు కూడా కంచంలోంచి జారిపోవడం మాత్రం నష్టమే. తిరుపతి పక్కన పెరుమాళ్లపల్లె వ్యవసాయ పరిశోధన స్థానం వకుళ వంటి రాగి రకాలు తెచ్చింది. విత్తనం ఉంది, తినేవాళ్లే తగ్గారు.

సంగటి మందు కాదు. షుగరు ఉన్నవాళ్లు ముద్ద కొలత చూసుకోవాలి, మాత్రలు ఆపకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే తినాలి. మేలుచేసే బ్యాక్టీరియా అంటూ అమ్మే పొట్లాలు గుండెజబ్బును ఆపుతాయనడానికి ఇప్పటికి రుజువు లేదు. జలుబుకల్లా మందుల షాపులో అడిగి తెచ్చుకునే యాంటీబయాటిక్ మాత్రం ఆ బ్యాక్టీరియాకు నిజమైన దెబ్బ.

2023 మార్చి నుంచి మన ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ మొదలైంది. అది మంచి పని. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లోని ఆస్పత్రి క్యాంటీన్లు, కాలేజీ హాస్టళ్లు నడిపేవాళ్లకు మా విన్నపం ఒక్కటే: వారంలో మూడు రోజులైనా సంగటి గెలకండి, పక్కన అలసందలో ఉలవలో వడ్డించండి.