మురుగు బోదె ఏ పటంలో ఉంది?

యానాం: గోదావరికి వరదొస్తే అందరి చూపూ ధవళేశ్వరం వైపే. ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారు, ఎన్నో నంబరు హెచ్చరిక ఇచ్చారు అన్నదే మాట. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. 2022 జులైలో 25 లక్షలు దాటేసరికి యానాం కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అయితే ఏరు తగ్గినా చేలల్లో నీరు రోజుల తరబడి ఎందుకు కదలదు? దానికి జవాబు ఏటిగట్టు మీద దొరకదు. చేను పక్కనున్న మురుగు బోదెలో వెతకాలి.

వచ్చే దారి సరే, పోయే దారి?

డెల్టాలో నీటికి రెండు దారులుండాలి. పంట కాల్వ తెస్తుంది, మురుగు కాల్వ తీసుకుపోతుంది. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక మొదటి దారి అమరింది. రెండోదానికి అంత శ్రద్ధ దక్కలేదు. 1960లలో ఎ.సి. మిత్రా సంఘం మురుగు సమస్యను పరిశీలించింది. 1968లో డ్రైనేజీ సెస్ చట్టం వచ్చింది. అయినా 2011 సార్వాకు కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు వారు చెప్పుకున్న బాధల్లో మురుగు కాల్వలూ ఉన్నాయి.

పాటు వేళే దిక్కు

డెల్టా నేలకు వాలు తక్కువ. చేలో నీరు బోదెలోకి, బోదె నుంచి చిన్న డ్రెయిన్‌కి, అక్కడి నుంచి పెద్ద డ్రెయిన్‌కి చేరి, తూము దాటి ఏట్లోనో సముద్రంలోనో పడాలి. ఏట్లో వరద ఉంటే తూము తలుపులు మూసేయాలి. సముద్రం పోటు మీదుంటే నీరు వెనక్కి తన్నుతుంది. ఇక మిగిలింది పాటు వేళే. ఆ కొద్ది గంటల్లో వెళ్లినంతే వెళ్లినట్టు. గుర్రపు డెక్క అల్లుకుని, పూడిక పేరుకుని, పక్కన చేపల చెరువు గట్టు ముందుకు జరిగితే ఆ గంటలూ దండగే. అందుకే పది సెంటీమీటర్ల పూడిక కూడా ఇక్కడ చిన్న విషయం కాదు.

గీతలు చాలవు

పెద్ద, మధ్యరకం డ్రెయిన్లకు శాఖల దగ్గర పేర్లు, లెక్కలు ఉంటాయి. సప్త గోదావరుల్లో ఒకటైన తుల్యభాగ పేరు కూడా ఇప్పుడు ఓ డ్రెయిన్‌కి ఉంది. పొలం బోదెల సంగతే వేరు. గట్టు కొట్టి చేలో కలిపేస్తే కొన్నేళ్లకు ఆనవాలే ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లు వాడారు. కానీ దాని పని హద్దులు, హక్కులు తేల్చడం. నీటి పటానికి ఇంకా కావాలి. బోదె అడుగు మట్టం ఎంత, వాలు ఎటు, తూము వెడల్పు ఎంత, పోటు ఎక్కడిదాకా ఎగబాకుతుంది? ఉపగ్రహ చిత్రం గీతను చూపిస్తుందే గానీ డెక్క కింద లోతు చెప్పదు. అది కొలవాలంటే మనిషి బోదెలో దిగాల్సిందే.

పటం లేకుండా పూడిక తీస్తే కొత్త తంటా. పైన బోదెలు బాగుచేసి కింద డ్రెయిన్ వదిలేస్తే ఎగువ చేను గట్టెక్కి, దిగువ ఊరు మునుగుతుంది. పని తూము దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి.

హద్దు రాయి నీటికి తెలియదు

యానాం పుదుచ్చేరిది. చుట్టూ ఉన్నది ఆంధ్ర నేల. గౌతమి నుంచి కోరింగ పాయ చీలేది ఇక్కడే. రికార్డులు రెండు ప్రభుత్వాలవి, నీరు మాత్రం ఒక్కటే. ఒకవైపు పటం సరిహద్దు దగ్గర ఆగిపోతే, అవతల తూము మూసుందో తెరిచుందో ఇవతలివారికి తెలిసే వీలుండదు. యానాం, కాకినాడ, కోనసీమ అధికారులు ఒకే మట్టాన్ని ప్రమాణంగా పెట్టుకుని ఉమ్మడి కొలతలు తీయాలి. ఆ పటాన్ని పంచాయతీ గోడకు అంటించాలి. ఏ బోదె ఎవరు పూడ్చారో రైతులకు తెలుసు. వాళ్ల మాట కాగితం మీదికెక్కితే ఆక్రమణను కాదనడం ఎవరికైనా కష్టమే. వేసవిలో కాల్వలు కట్టేసే రోజులే ఈ పనికి అదును. సార్వా నాట్లు పడ్డాక బోదెలో దిగి కొలిచేదేముంది, మునిగిన చేను లెక్క రాసుకోవడం తప్ప!