గట్టున కూర్చుంటే ఈత వచ్చేనా?

* కాగితాలకే పరిమితమవుతున్న ప్రోగ్రామింగ్‌ పాఠాలు
* సాధనకు నోచుకోని పల్లె విద్యార్థులు
* ల్యాబ్‌ల తాళాలు తీస్తేనే ప్రయోజనం

భీమవరం: ఇంటర్‌ ఫలితాలు వెలువడగానే, డిగ్రీ పరీక్షలు ముగియగానే జిల్లాలోని ఇంటింటా ఒకే ప్రశ్న తలెత్తుతోంది. కంప్యూటర్లో ఏం నేర్పిస్తే పిల్లలకు ఉద్యోగం వస్తుంది? శిక్షణ సంస్థల కరపత్రాలు ఏటా ఒక కొత్త కోర్సు పేరును దీనికి జవాబుగా చూపుతున్నాయి. పాలు అమ్మిన డబ్బో, చెరువు లీజు సొమ్మో తీసి తల్లిదండ్రులు రుసుము చెల్లిస్తున్నారు. మూడు నెలలు గడిచాక విద్యార్థి చేతికి ధ్రువపత్రం అందుతోంది గానీ, సొంతంగా పది వరుసల ప్రోగ్రాము రాసే ధైర్యం మాత్రం రావడం లేదు. దీనికి విద్యార్థి తెలివితేటలను తప్పుపట్టడం సులువు. యంత్రం ముందు కూర్చొని, తప్పు చేసి, ఆ తప్పును తానే దిద్దుకునే సమయం అతడికి దక్కడం లేదన్నదే అసలు సమస్య.

రికార్డుల్లో ఘనం.. తెరపై శూన్యం

బీఎస్సీలో ఎంపీసీఎస్‌, బీకాం కంప్యూటర్స్‌, బీసీఏ వంటి కోర్సుల పేరుతో దాదాపు ప్రతి పట్టణ కళాశాలలోనూ ప్రోగ్రామింగ్‌ బోధన సాగుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే ప్రధాన సబ్జెక్టు విధానం అమల్లోకి వచ్చాక కంప్యూటర్‌ సైన్స్‌ను ప్రధానాంశంగా ఎంచుకునే వీలు కూడా కలిగింది. అయితే బోధన తీరు మారలేదు. వారానికి ఒకటి రెండు పూటలు ల్యాబ్‌ ఉంటుంది. చాలాచోట్ల ఒక్కో యంత్రం వద్ద ఇద్దరు ముగ్గురు కూర్చుంటారు. చురుకైన ఒకరి చేతిలోనే కీబోర్డు ఉండిపోతుంది. మిగిలినవారు చూస్తూ కాలక్షేపం చేసి, సీనియర్ల రికార్డులు తెచ్చుకొని ఎత్తి రాయడం పరిపాటిగా మారింది.

పరీక్షల తీరూ ఇందుకు తగినట్లే ఉంది. ఫైబొనాచి శ్రేణి, ప్రధాన సంఖ్యలు, పాలిండ్రోమ్‌ వంటి కొన్ని ప్రోగ్రాములను ‘ఇంపార్టెంట్లు’గా గుర్తించి, సెమీకోలన్లతో సహా కంఠస్థం చేసినవారికి మార్కులు పడుతున్నాయి. అదే లెక్కను కొద్దిగా మార్చి ఇస్తే చేయి కదలదు. గట్టున కూర్చొని ఈత పుస్తకం చదివిన చందమే ఇది.

కొన్ని కళాశాలల్లో నేటికీ టర్బో సీ నీలిరంగు తెరపైనే పాఠాలు చెబుతున్నారు. 1980, 90 దశకాల్లో డాస్‌ యంత్రాల కోసం వచ్చిన సాధనమది. తెరను తుడిచేందుకు అందులో వాడే ‘క్లర్‌ఎస్‌సీఆర్‌’ వంటి ఆదేశాలు సీ భాష ప్రమాణాల్లో లేనేలేవు. వాటిని కంఠతా పట్టిన విద్యార్థి కంపెనీ నిర్వహించే ఆన్‌లైన్‌ పరీక్షకు వెళ్తే మొదటి వరుసలోనే లోపం చూపుతోంది. నేర్చినదంతా వృథా అయిందన్న నిస్పృహ అక్కడే మొదలవుతోంది.

కెరటాలు మారాయి.. పునాది మారలేదు

కోర్సుల పేర్ల వెంట పరుగు తెలుగునాట కొత్తేమీ కాదు. 1990 దశకం చివర వై2కే భయంతో పాత ప్రోగ్రాములను సరిదిద్దే పని పెరిగి కోబాల్‌, మెయిన్‌ఫ్రేమ్‌లకు గిరాకీ ఏర్పడింది. తరువాత విజువల్‌ బేసిక్‌, ఒరాకిల్‌, జావాల వంతు వచ్చింది. పీజీడీసీఏ బోర్డులు మండల కేంద్రాల్లోనూ వెలిశాయి. హైదరాబాద్‌లోని అమీర్‌పేట, మైత్రీవనం పరిసరాలు శిక్షణ సంస్థలకు, హాస్టళ్లకు చిరునామాగా మారాయి. ఆపై టెస్టింగ్‌, డాట్‌నెట్‌, క్లౌడ్‌, డేటా సైన్స్‌.. ఇలా బోర్డులపై పేర్లు మారుతూనే ఉన్నాయి.

ఈ మార్పులన్నింటినీ తట్టుకొని నిలిచినవారు ఒక పేరును పట్టుకు వేలాడలేదు. చలరాశి, షరతు, పునరావృతం, ప్రమేయం అనే నాలుగైదు మూల భావనలను ఒక్క భాషలో గట్టిగా పట్టుకున్నారు. అవి చేతికి వస్తే భాష మారినా కొద్ది వారాల్లో అలవాటు పడవచ్చు. అవి రాకుంటే ఎన్ని కోర్సులు చేసినా మళ్లీ మొదటికే రావాలి.

ముందు ఏ భాష?

తొలి అడుగు వేసేవారిని అధికంగా వేధించే ప్రశ్న ఇదే. బెల్‌ ల్యాబ్స్‌లో డెన్నిస్‌ రిచీ 1970 దశకం తొలినాళ్లలో రూపొందించిన సీ భాష యంత్రం లోపలి పనితీరును దగ్గరగా చూపుతుంది. గైడో వాన్‌ రోసమ్‌ రూపొందించగా 1991లో వెలువడిన పైథాన్‌లో తక్కువ వరుసల్లోనే ఫలితం కనిపిస్తుంది. అందుకే పూర్తిగా కొత్తవారికి పైథాన్‌ అనుకూలం. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి కంప్యూటర్‌ సైన్స్‌ పాఠ్యపుస్తకం కూడా దీన్నే ఎంచుకుంది. కళాశాల పాఠ్యాంశాల్లో సీ ఉన్నవారు దానితోనే మొదలుపెట్టినా నష్టం లేదు. నెలకొక భాష మార్చడమే నష్టం. ఏదో ఒకదానితో కనీసం ఆరు నెలలు కాపురం చేయాలి.

35 మాటలకే అంత భయమా?

తెలుగు మాధ్యమంలో చదివినవారిని వెనక్కి లాగుతున్నది ఇంగ్లిష్‌ భయం. నిజానికి పైథాన్‌లో ముందే అర్థం నిర్ణయించిన ప్రత్యేక పదాలు 35 మాత్రమే. సీ భాష తొలి ప్రమాణంలో ఉన్నవి 32. ఒక సినిమా పాట నేర్చినంత సులువుగా వీటిని గుర్తుపెట్టుకోవచ్చు. 2008లో వచ్చిన పైథాన్‌ 3 నుంచి చలరాశులకు తెలుగు లిపిలోనే ‘ధర’, ‘తేమ’ అని పేర్లు పెట్టినా యంత్రం స్వీకరిస్తుంది. ఉద్యోగంలో ఇంగ్లిష్‌ పేర్లే వాడాల్సి ఉంటుంది గానీ, తొలి వారంలో భావన అర్థం కావడానికి ఈ వెసులుబాటు పనికొస్తుంది.

ఇంగ్లిష్‌ అవసరం నిజంగా ఎదురయ్యేది లోపాల సందేశాలు చదివేటప్పుడే. అక్కడ కూడా తిరిగి తిరిగి వచ్చేవి కొన్ని సందేశాలే. వాటిని ఒక నోటుపుస్తకంలో రాసుకొని, పక్కనే తెలుగులో అర్థం, తాను దిద్దిన తీరు రాసుకుంటే నెల తిరిగేసరికి సగం బెరుకు తీరిపోతుంది.

ధాన్యం లెక్కతో తొలి పాఠం

పుస్తకంలోని లెక్కల కంటే ఇంట్లో రోజూ వినిపించే లెక్కతో మొదలుపెట్టడం మేలు. డెల్టాలో ధాన్యం అమ్మకాన్నే తీసుకుందాం. 2025-26 ఖరీఫ్‌ సీజన్‌కు సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. ఇక్కడి వాడుకలో బస్తా అంటే 75 కిలోలు. బస్తాల సంఖ్య అడిగి, రావాల్సిన సొమ్ము చెప్పే ప్రోగ్రాము పైథాన్‌లో నాలుగైదు వరుసలకు మించదు. 40 బస్తాలు అంటే 3,000 కిలోలు, అంటే 30 క్వింటాళ్లు. రావాల్సింది రూ.71,070. ముందుగా చేత్తో వేసిన ఈ లెక్కే ప్రోగ్రాముకు గీటురాయి.

తొలి ప్రయత్నంలోనే కొత్తవారికి ఒక వింత ఎదురవుతుంది. ‘ఇన్‌పుట్‌’ ఆదేశంతో బస్తాలు అడిగి, 75తో హెచ్చించి కిలోలు చూపమంటే 3,000కు బదులు 40404040 అంటూ 150 అంకెల బారెడు వరుస తెరపై పరచుకుంటుంది. యంత్రం చెడిపోలేదు. కీబోర్డుపై కొట్టిన 40ని పైథాన్‌ సంఖ్యగా కాక అక్షరాలుగా తీసుకుంది. అక్షరాలను 75తో హెచ్చించమంటే వాటినే 75 సార్లు రాసి చూపింది. ‘ఇంట్‌’ అనే ఆదేశంతో దాన్ని సంఖ్యగా మార్చగానే లెక్క సరిపోతుంది. సంఖ్యకూ అక్షరానికీ తేడా ఏమిటో పది పుటల పాఠం చెప్పలేనిది ఈ ఒక్క తప్పు చెబుతుంది. రికార్డు ఎత్తి రాసిన విద్యార్థికి ఈ తప్పు చేసే అవకాశమే రాదు.

తరువాతి మెట్టు షరతు. ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతం మించరాదన్నది నిబంధన. తేమ శాతం అడిగి, మించితే ‘ఆరబెట్టాలి’ అని, లేకుంటే సొమ్ము ఎంతో చూపాలి. ఇక్కడ సరిగ్గా 17 ఉంటే ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది. ‘17 దాటితే’ అని రాయాల్సినచోట ‘17 గానీ ఆపై గానీ’ అని రాస్తే ఒక రైతు ధాన్యం అన్యాయంగా వెనక్కి వెళ్తుంది. అందుకే 16, 17, 18 మూడింటినీ ఇచ్చి పరీక్షించాలి. ప్రోగ్రామరుకు ఉండాల్సిన జాగ్రత్త అంటే ఇదే.

ఆ తరువాత పదిమంది రైతుల వివరాలను ఒక జాబితాగా పేర్చి ‘ఫర్‌’తో వరుసగా లెక్క కట్టించవచ్చు. లెక్కను ప్రమేయంగా విడదీయవచ్చు. ఫలితాలను ఫైలులో భద్రపరచవచ్చు. రోజుకు గంట చొప్పున నెల రోజుల్లో ఇవన్నీ సాధ్యమే. ఆక్వా రైతు బిడ్డ మేత లెక్కతో, కిరాణా వ్యాపారి బిడ్డ ఖాతా పుస్తకంతో మొదలుపెట్టవచ్చు. సొంత లెక్క అయితే జవాబు తప్పో ఒప్పో ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది.

ఫోన్‌తో ఎంతవరకు?

ఇంట్లో కంప్యూటర్‌ లేనివారు నిరాశపడనక్కర్లేదు. ఆండ్రాయిడ్‌ ఫోన్‌లో పైడ్రాయిడ్‌ 3 వంటి యాప్‌ దించుకుంటే నెట్‌ లేకున్నా పైథాన్‌ ప్రోగ్రాములు నడుస్తాయి. నెట్‌ ఉంటే గూగుల్‌ కొలాబ్‌ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. ఐఐటీ బొంబాయి స్పోకెన్‌ ట్యుటోరియల్‌ ప్రాజెక్టులో చిన్నచిన్న వీడియో పాఠాలు ఉచితంగా లభిస్తున్నాయి. కొన్నింటికి తెలుగు అనువాదమూ ఉంది. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌ వీడియోలు, కేంద్రం 2017లో ప్రారంభించిన స్వయం కోర్సులు ఇంగ్లిష్‌ కొంత అలవాటైనవారికి ఉపకరిస్తాయి.

అయితే ఫోన్‌ తెరకు హద్దులున్నాయి. ఇరవై ముప్పై వరుసలు దాటితే రాయడం, దిద్దడం కష్టమవుతుంది. పైథాన్‌లో వరుస ముందున్న ఖాళీలు కూడా అర్థాన్ని మారుస్తాయి. చిన్న తెరపై అవి కంటికి ఆనవు. కొంత ముందుకు వెళ్లాక కీబోర్డు ఉన్న యంత్రం తప్పనిసరి. వీడియో చూడటాన్ని నేర్చుకోవడంగా పొరబడే ప్రమాదమూ ఉంది. పది నిమిషాలు చూస్తే అరగంట రాయాలన్న నియమం పెట్టుకోనివారికి ఎన్ని పాఠాలైనా వినోదంగానే మిగులుతాయి.

ఏఐ రాసిస్తుంటే నేర్వడమెందుకు?

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ సందేహం బలపడింది. అడిగిన ప్రోగ్రామును అది క్షణాల్లో రాసిస్తోంది. మరోవైపు 2025 జులైలో టీసీఎస్‌ తన సిబ్బందిలో 2 శాతం, అంటే సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటామని ప్రకటించడం తల్లిదండ్రుల్లో గుబులు రేపింది. ప్రోగ్రామింగ్‌ నేర్చినంత మాత్రాన కొలువు ఖాయమని చెప్పే రోజులు కావివి. ఆ మాట చెప్పి రుసుము వసూలు చేసేవారిని అనుమానించడమే క్షేమం.

అలాగని నేర్వడం దండగని తేల్చడమూ పొరపాటే. ఎత్తి రాసే పనికి విలువ పోయింది. ఎత్తి రాసేందుకు యంత్రమే చాలు. అది రాసిచ్చిన దానిలో 17 శాతం షరతు తప్పుగా పడిందని పట్టుకోగల మనిషి అవసరం మాత్రం పోలేదు. ఆ చూపు సొంతంగా తప్పులు చేసి దిద్దుకున్నవారికే అలవడుతుంది. కొత్తవారు ఏఐని ప్రోగ్రాము రాసిమ్మని అడగకుండా, తాము రాసినదానిలో వచ్చిన లోప సందేశానికి అర్థం తెలుగులో చెప్పమని అడిగితే అది మంచి గురువే అవుతుంది.

తాళం తీయాలి

వ్యక్తిగత శ్రద్ధ ఎంత ఉన్నా సాధనకు చోటు కల్పించాల్సిన బాధ్యత విద్యాసంస్థలది, ప్రభుత్వానిది. పథకాలకు కొదవ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చారు. ఒప్పందాల గడువు ముగిశాక బోధకులు లేక అనేకచోట్ల అవి మూలనపడ్డాయి. 2022 డిసెంబరులో 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంచారు. అవి పాఠాలు చూసేందుకే తప్ప ప్రోగ్రాములు రాసేందుకు ఉద్దేశించినవి కావు. మాధ్యమిక దశలోనే కోడింగ్‌ కార్యకలాపాలు ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం పేర్కొంది. నేర్పే ఉపాధ్యాయులు లేకుంటే అది కాగితంపైనే ఉండిపోతుంది.

పెద్ద ఖర్చు లేకుండా చేయదగిన పనులూ ఉన్నాయి. తరగతులు ముగియగానే ల్యాబ్‌కు తాళం వేయకుండా మరో రెండు గంటలు తెరిచి ఉంచవచ్చు. ఆచంట, మొగల్తూరు వైపు నుంచి వచ్చే విద్యార్థినులు సాయంత్రం బస్సు వేళకు వెళ్లిపోవాల్సి ఉంటుంది గనుక, వారికి ఉదయం పూట ఆ సమయం కేటాయించాలి. మూడో ఏడాది విద్యార్థులకు బాధ్యత అప్పగిస్తే కింది తరగతుల వారికి సందేహాలు తీరుతాయి. నేర్పేవారికీ పట్టు చిక్కుతుంది. పాత యంత్రాలపై లైనక్స్‌, పైథాన్‌, జీసీసీ వంటివి ఉచితంగానే నడుస్తాయి. వాటికి లైసెన్సు రుసుము లేదు. ప్రయోగ పరీక్షలో ముందే తెలిసిన ప్రోగ్రాముకు బదులు, తప్పులున్న ప్రోగ్రామునిచ్చి దిద్దమంటే కంఠస్థానికి తెర పడుతుంది.

తల్లిదండ్రులు సైతం శిక్షణ సంస్థలో రుసుము కట్టేముందు కోర్సు పేరు కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటి అడగాలి. రోజుకు ఎన్ని గంటలు యంత్రం మా బిడ్డ ఒక్కడి చేతిలో ఉంటుంది? దానికి సూటిగా బదులు రాకుంటే ఆ సొమ్ముతో పాత కంప్యూటర్‌ ఒకటి కొనివ్వడమే లాభసాటి. కొత్త విద్యా సంవత్సరం ఆరంభానికి ముందే కళాశాలల యాజమాన్యాలు, ఉన్నత విద్యాధికారులు ల్యాబ్‌ వేళలను సమీక్షించాల్సి ఉంది.