మూరెడు దారం, మూరన్నర గుడ్డ

పోయిన జూన్‌లో, బడులు తెరిచిన రెండో వారం అనుకుంటాను, పక్కింటి పిల్ల లెగ్గింగ్స్ చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. ఏడో తరగతి చదువుతోంది. "పిన్నిగారూ, దీన్ని రెండుసార్లు కుట్టించాం. మెట్లెక్కుతుంటే మళ్లీ పట్‌మని తెగింది" అంది. బడిలో చున్నీ నడుముకు చుట్టుకుని సాయంత్రం దాకా బెంచీ మీంచి లేవలేదట. చెబుతుంటేనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తిరగేసి చూశాను. గుడ్డ చెక్కుచెదరలేదు, కుట్టు తెగింది. రెండుసార్లూ తిన్నటి కుట్టే వేశారు. రెండోసారి గట్టిగా ఉంటుందని ఇంకా దగ్గరగా, ఒకదాని మీద ఒకటి వేశారు. కుట్టినామె చేతిలో లోపం లేదు, ఆమె మిషన్‌కి వచ్చిన కుట్టు అదొక్కటే.

లెగ్గింగ్స్ గుడ్డ మగ్గం మీద నేసింది కాదు, స్వెట్టరులాగా ఉచ్చులు ఉచ్చులుగా అల్లింది. మూరెడు గుడ్డ పట్టి లాగితే మూరన్నర అవుతుంది. తిన్నటి కుట్టులో దారం మాత్రం మూరెడే ఉంటుంది. కాలెత్తగానే గుడ్డ సాగుతుంది, దారం సాగలేక తెగుతుంది. అదే చోట జిగ్‌జాగ్ వేశామనుకోండి. వెడల్పు రెండు మిల్లీమీటర్లు, పొడవు ఒకటిన్నర పెడితే, సూది ఏటవాలుగా వెళ్తుంది కాబట్టి ఒకటిన్నర మిల్లీమీటర్ల గుడ్డకి రెండున్నర మిల్లీమీటర్ల దారం పడుతుంది. మిగిలిన దారమంతా వంపుల్లో దాగి ఉండి, గుడ్డ సాగినప్పుడు దానితోపాటు వస్తుంది. ఆ పిల్లకి ఈ లెక్క కాగితం మీద గీసి చూపిస్తే, "ఇది పైథాగరస్ కదా పిన్నిగారూ" అంది. మొన గుండ్రంగా ఉండే పదకొండో నంబరు సూది వేసి ఆ రోజే కుట్టిచ్చాను. అలాంటి సూది ఉచ్చుల్ని తెంపదు, పక్కకి జరుపుకుంటూ దిగుతుంది. ఆ లెగ్గింగ్స్ ఇప్పటికీ వేసుకుంటోంది.

ముప్ఫై ఏళ్ల కిందట నేను ఆరు నెలలు మిషన్ నేర్చుకున్నాను. జాకెట్టు, లంగా, ఫ్రాకు, పంజాబీ డ్రస్సు నేర్పారు. ఇప్పుడు మా ఊళ్లో కుట్టు నేర్పే సెంటరుకి వెళ్లే అమ్మాయిల నోటుపుస్తకాల్లోనూ అవే కొలతలు, అవే బొమ్మలు. కానీ మన బట్టలు మారిపోయాయి. నిన్న మా దండెం మీద ఆరేసినవి లెక్కపెట్టాను. పద్నాలుగింటిలో తొమ్మిది సాగే గుడ్డలే: టీషర్టులు, లెగ్గింగ్సు, ట్రాక్ ప్యాంట్లు, బనియన్లు. వాటికి కుట్టు విడిపోతే బాగుచేసే విద్య మన వీధి మిషన్ల దగ్గర లేదు. అందుకే అవి ఆరు నెలలకే తడిగుడ్డలై వంటింట్లో గట్టు తుడుస్తున్నాయి. డబ్బు పెట్టి కొన్న బట్ట అలా పోవడం నాకు బాధగానే ఉంటుంది.

జిగ్‌జాగ్ కొత్త విద్యేమీ కాదు. హెలెన్ బ్లాంచర్డ్ అనే అమెరికా మహిళ 1873లోనే దానికి పేటెంటు తీసుకుంది. మనకూ పరాయిది కాదు. సందు సందుకీ "ఫాల్, పీకో" అని బోర్డులు కనిపిస్తాయి కదా, చీర అంచుకి వేసే ఆ పీకో కూడా దగ్గరదగ్గరగా వేసే జిగ్‌జాగే. పీకో వేసే ఆడవాళ్ల పొట్ట కొట్టమని నేననను, వాళ్ల చెయ్యి తిరిగిన పని వాళ్లదే. కానీ అదే కుట్టు చాలా ఇళ్లలో మిషన్ మీద డయల్ అంచున నోరు మూసుకుని కూర్చుంది.

మిషన్ కొనడానికి వెళ్తే షాపులో ఏం చూపిస్తారు? ఆకులు, పూలు, గొలుసులు. బిగువుగా ఉన్న తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో చకచకా కుట్టి చూపిస్తారు. ఇన్ని డిజైన్లున్నాయని చెప్పి అమ్ముతారు. ఇంటికొచ్చాక ఆ పువ్వు మెత్తటి వాయిల్ మీద ముడుచుకుపోతుంది. రెండు రోజులు చూసి, డయల్ మళ్లీ తిన్నటి కుట్టుకి తిప్పేసి, ఇక దాన్ని ముట్టుకోరు. నేను మిషన్ కొన్నప్పుడు డయల్ మీదున్న పిచ్చిగీతల్లాంటి బొమ్మల్లో ఏది ఎందుకో షాపులో ఒక్కరూ చెప్పలేదు. మెట్లు మెట్లుగా విరిగిన జిగ్‌జాగ్ ఎలాస్టిక్ కోసమట. ఒక్కో ఏటవాలులో మూడు చిన్న కుట్లు పడతాయి కాబట్టి వెడల్పుగా వేసినా గుడ్డ ముడుచుకోదు. నాలుగడుగులు నడిచి పక్కకి ఒక్క గెంతు గెంతే గీత హెమ్మింగ్ కోసమట. ఇవి తెలుసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఎవరైనా అరగంట కూర్చోబెట్టి చెబితే సరిపోయేది.

హెమ్మింగ్ మాట వస్తే మా అమ్మ గుర్తొస్తుంది. బట్టల కొట్టువాళ్లు పంపే పాంటు అంచులు, ఫ్రాకు అంచులు రాత్రిపూట బల్బు కింద చేత్తో కుట్టేది. పైకి కుట్టు కనబడకూడదు కాబట్టి ఒక్కో పోగే అందుకోవాలి. యాభై దాటేసరికి సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలిచేది. మిషన్ మీద మడతని వెనక్కి తిప్పి పెట్టి, ఆ గెంతు సరిగ్గా మడత అంచుని తాకేలా నడిపితే, మా అమ్మ గంటసేపు చేసిన పని పది నిమిషాల్లో అవుతుంది. ఈ కుట్టు ఆవిడ చూడలేదు.

పూలూ ఆకులూ దండగని నేననడం లేదు. అవీ పనిచేసే కుట్లే, వాటికి చోటు తెలియాలి. ఎదిగే పిల్లలకి పట్టులంగా కుట్టించేటప్పుడు కిందన టక్కు పెట్టిస్తాం. రెండేళ్లకి టక్కు విప్పుతాం. విప్పగానే పాత మడత గీత అడ్డంగా బయటపడుతుంది, ఇస్త్రీ చేసినా పోదు. విప్పిన లంగా అని దూరం నుంచే తెలుస్తుంది. మా మేనకోడలి అరిటాకుపచ్చ లంగాకి సరిగ్గా ఆ గీత మీద మామిడాకుల వరస లాంటి కుట్టు అంచు రంగు దారంతో నడిపాను. లంగా అడుగున పాత న్యూస్‌పేపరు పెట్టి, పైదారం టెన్షన్ కాస్త వదులు చేసి, మెల్లగా తొక్కాను. కాగితం ఆధారంగా ఉంటే గుడ్డ ముడుచుకోదు, కుట్టయ్యాక చింపేయొచ్చు. పట్టుకైతే ముందు చిన్న ముక్క మీద చూసుకోవాలి, అక్షరాల మసి అంటుకోవచ్చు. అచ్చులేని తెల్లకాగితమైతే మరీ మంచిది. పెళ్లిలో ఆ లంగా చూసి, అంచు ఎక్కడ నేయించారని అడిగారు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. సూది గుడ్డలో దిగి ఉండగా డయల్ తిప్పకూడదు. తిన్నటి కుట్టు ఫుట్టు, దాని ప్లేటు పెట్టి జిగ్‌జాగ్ వేయకూడదు. ఆ ప్లేటుకి చిన్న చిల్లే ఉంటుంది, సూది పక్కకి వెళ్లి ఇనుముకి కొట్టుకుని విరుగుతుంది. ముక్క కంట్లో పడిందంటే ప్రమాదం. ఈ మాట ఏ సెంటరులోనూ మొదటిరోజు చెప్పడం నేను వినలేదు.

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఇస్తారు. ఆ సొమ్ముతో డిజైన్ల హంగు లేని, నాలుగైదు పనికొచ్చే కుట్లున్న మామూలు జిగ్‌జాగ్ మిషన్ వస్తుంది. తీసుకునే అక్కచెల్లెళ్లు అటువైపు చూడాలి. అంతకంటే ముందు నేర్పేవాళ్లు మారాలి. పదిమంది నేర్చుకునే చోట ఒక్క జిగ్‌జాగ్ మిషన్ ఉండాలి. ఆరు నెలల కోర్సులో రెండు వారాలు సాగే గుడ్డకి ఇవ్వాలి: లెగ్గింగ్స్ జాయింటు, నడుము ఎలాస్టిక్, టీషర్టు అంచు. పరీక్షలో జాకెట్టుతో పాటు ఇదీ కుట్టించి మార్కులు వేయాలి. అమ్మాయిలకి రోజూ పని తెచ్చేది ఇదే. జాకెట్టు కుట్టించుకునేవాళ్లు పండక్కో పెళ్లికో వస్తారు, తెగిన ట్రాక్ ప్యాంటు వారం వారం వస్తుంది.

నేర్పడానికి కొత్త గుడ్డ కూడా కొననక్కర్లేదు. పాత టీషర్టులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మా మిషన్ పక్కన మేకుకి ఒక పొడుగాటి ముక్క వేలాడుతుంటుంది. ఒక్కో కుట్టూ వరసగా వేసి, పక్కన బాల్‌పెన్నుతో వెడల్పు, పొడవు, సూది నంబరు రాసుకున్నాను. పక్కింటి పిల్ల సెలవుల్లో వచ్చి దాన్ని చూసి తనకోసం ఇంకోటి కుట్టుకుంది. ఏడో వరసలో పొడవు తప్పు రాసింది. కుట్టి చూసి, తనే కొట్టేసి దిద్దింది.