వాలిన బండిముక్కు

సోదరీమణులారా,

భారతకథలో కర్ణుని రథచక్రము క్రుంగిన ఘట్టమును మనము చిన్ననాటినుండి వినుచున్నవారమే. ఈ మాసము మేము వ్రాయబోవునదియు బండి క్రుంగిన కథయే. కాని యిది మల్కాజ్‌గిరిలో మా వాకిట జరిగినది. బండ్ల సంగతి పురుషులది, మనకేల యని పుట త్రిప్పివేయకుడు. బండిక్రింద పరుండువాడు మన యింటివాడే గదా!

మా మరిదికి చిన్న పికప్పు బండి కలదు. తెల్లవారుజామున బోయినపల్లి మార్కెట్టులో కూరగాయలు నింపుకొని, తార్నాకలోను విశ్వవిద్యాలయ పరిసరములలోను ఉన్న భోజనశాలలకు చేర్చుట అతని జీవనము. వట్టిబండి నిలిచియున్నప్పుడు ముందుభాగము వాలి, వెనుకభాగము లేచి కనబడును. స్నేహితులు "నీ బండి నేలను వాసన చూచుచున్నదిరా" అని పరిహసించిరి. అతనికి రోషము వచ్చెను. విదేశములలో కొందరు ఇంటికడనే బండి ముందుభాగమును రెండంగుళములు ఎత్తుకొను విధమును ఫోనులో చూచి, ఇరుసునకును కమాను కట్టకును నడుమ నుంచుటకై రెండు ఇనుప దిమ్మలు తెప్పించెను.

ఒక ఆదివారము ఉదయమున అతడు ముందుభాగమును జాకీతో లేపి, ఆధారముగా ఇటుకలు పేర్చి, క్రిందికి దూరబోవుచుండెను. మా తోడికోడలు మాట పెగలక వంటయింటికి వచ్చి మా చేయి పట్టుకొనెను. మేము వాకిటికి పోయితిమి.

"గంట పని వదినా, మీరు భయపడకండి" అనెను.

"గంట పనియే కావచ్చును. ఎంత వాలినదో కొలిచితివా నాయనా?" అని యడిగితిమి.

కొలువలేదు. ముందు బండిని దింపుమంటిమి, దింపెను.

జాకీ బండిని లేపుటకే గాని నిలుపుటకు గాదు. ఇటుక బరువు క్రింద ఒక్కసారిగా పగులును, రాయి దొర్లును. గట్టి సమతలమైన నేలపై బండి నుంచి, చేతి బ్రేకు వేసి, వెనుక చక్రములకు ఇరువైపుల కట్టెదిమ్మలు అడ్డుపెట్టి, బరువు నాగునట్టి ఇనుప స్టాండ్లను చట్రము క్రింద నమర్చిన పిమ్మటనే మనిషి క్రిందికి పోవలెను. ఆ స్టాండ్లు లేనిచో ఆ పని ఇంట చేయనే రాదు.

ఇక కొలతలు. పొరుగింట తాపీపని జరుగుచుండెను. మేస్త్రి నడిగి నీళ్ళగొట్టము తెచ్చుకొంటిమి. రెండు కొనలలో నీరు ఒకే మట్టమున నిలుచును గనుక నేల హెచ్చుతగ్గులు దానితో తెలియును. చూడగా మా వాకిలియే వీథి కాలువవైపునకు, చక్రములున్న మేరకు, ఒకటిన్నర అంగుళము వాలియున్నది! వాననీరు పోవుటకు కట్టించిన వాలు అది. బండి ఎల్లప్పుడును వీథివైపు ముఖముగా నిలుచును. కనుక కనబడిన వాలులో కొంత బండిది కాదు, వాకిలిది.

బండిని సమమైన చోటికి తీసికొనిపోయి, నాలుగు చక్రములకు గాలి సరిచేయించి, మేము రవికెలు కుట్టుకొను టేపుతోనే చక్రముల నడిబొడ్డునుండి పైనున్న రేకు అంచువరకు కొలిచితిమి. ముందు కుడిప్రక్కకంటె ఎడమప్రక్క అరంగుళము తక్కువ. మా తోడికోడలు దీపము పట్టగా మరిది ప్రక్కనుండి వంగి చూచెను. ఎడమ కమాను కట్టలోని రెండవ పట్టీ పగిలియున్నది.

అతని ముఖము వెలవెలబోయెను. ఆ దిమ్మ పెట్టినచో బండి ఎత్తుగా కనబడెడిది; పగులు దాగియుండెడిది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వచ్చును గనుక ఆ భారమంతయు ముందు ఇరుసుమీదను, పగిలిన పట్టీమీదను పడెడిది. జ్వరము పోగొట్టక, చూపించు గాజుగొట్టమును దాచినట్లు!

మరునాడు కమాను పనివానిచేత పట్టీ మార్పించి, రెండవ ప్రక్క కట్టనుగూడ పరీక్షింపించెను. ఎడమకుడులు సమమయ్యెను. అయినను సమమైన నేలమీద వట్టిబండి ముక్కు రెండంగుళములు వాలియేయున్నది. అది దోషమా? మరునాటి తెల్లవారుజామున బస్తాలు నింపి మరల కొలిచెను. వెనుకభాగము ముందుభాగముకంటె రెండంగుళములు అధికముగా దిగి, బండి సమముగా నిలిచెను.

ఇందలి సూత్రమును ఆంగ్లశాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించెను: స్ప్రింగు ఎంత సాగునో అంత బలముతో ఎదిరించును. పాత కాగితములవాని కొక్కెపు త్రాసు పనిచేయునది ఈ సూత్రముమీదనే. బరువు వెనుక తొట్టిలో పడును గనుక, తయారుచేయువారే వెనుకభాగమును ఎత్తుగా నుంచుదురు. వట్టిబండిని సమము చేసినచో నిండుబండి ముక్కు ఆకాశము చూచును.

అప్పుడు దీపముల గతి యేమగును? ఇరుసుల నడుమ నూరంగుళముల దూరముండి ముక్కు రెండంగుళములు లేచినచో, వెలుగు నూరడుగుల దూరమున రెండడుగులు పైకి పోవును. చీకటివేళ తార్నాక దారిలో ఎదురుగా స్కూటరుపై బిడ్డతో వచ్చు తల్లి కన్నులలో అది పడును.

అన్ని పికప్పులకును ముందు కమాను కట్టలుండవు. ఆంధ్రప్రదేశమున శ్రీసిటీలో 2016లో ఆరంభమైన ఇసుజు కర్మాగారపు డి-మాక్స్ బండ్లకు ముందు చుట్టస్ప్రింగులు, వెనుక కమాను కట్టలు. నొక్కి బిగించిన చుట్టస్ప్రింగు ఎక్కుపెట్టిన విల్లు వంటిది. దానిని అదిమిపట్టు సాధనము లేక నట్టు విప్పినచో ప్రాణాపాయము. ఏ బండికైనను ముందు ఎత్తు మారినచో చక్రముల వాలు, దీపముల దిశ మరల సరిచూపింపవలెను.

చట్టమునుగూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని తయారీదారు వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019లో ఈ నియమమును దృఢపరచెను.

ఆ ఇనుప దిమ్మలను అమ్మినవారు తిరిగి పుచ్చుకొనలేదు. వాకిటివలెనే మా వంటయింటి నేలయు వాలుగా నున్నందున, ఒకటి బియ్యపు డబ్బా క్రింద చేరినది; రెండవది తలుపునకు అడ్డు. మరిది మాత్రము రెండు స్టాండ్లు కొనెను. ఇప్పుడు బండిక్రిందికి పోవునప్పుడు భార్యను పిలిచి ప్రక్కన నిలువుమనును.

సోదరులారా యని మేము వ్రాసినచో వారు చదువరు. కనుక మీకే వ్రాయుచున్నాము. మీ యింటివారు జాకీ చేతబట్టినప్పుడు, "నేల సమమా? గాలి సరియా? నిండుబండిని కొలిచితిరా? స్టాండ్లేవి?" అని నాలుగు ప్రశ్నలు అడుగుడు. పిల్లలను లోపల నుంచుడు. మీరు బయట నిలిచి, ఆపదవేళ 108కి పిలుచుటకు ఫోను చేతనుంచుకొనుడు. బండిపనులు మీకేమి తెలియునని వారు నవ్వినచో, కుట్టుటేపు తీసికొని వాకిటికి రండు.